నాలుక కింద మాత్ర

మా రైలు లైను చరిత్ర మీద ఎవరో అచ్చువేసిన పుస్తకాన్ని మొన్న మనవరాలు తెచ్చి ఇచ్చింది. భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివాను. గుంటూరులో బయలుదేరి గుంతకల్లు చేరే లైను అది. వినుకొండ దాటాక కురిచేడు, దొనకొండ, ఊరికి దూరంగా నిలబడి ఊరి పేరే పెట్టుకున్న మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, ఆపైన నల్లమల కొండను తొలిచిన సొరంగం, లోయ మీద ఇనుప వంతెన, అవతల నంద్యాల. అన్నీ రాశారు. దొరల ఫోటోలు వేశారు. పట్టాల కింద కంకర కూరిన వాళ్లలో ఒక్కరి ఊసూ లేదు. అచ్చువేసిన వాళ్లకు కార్డు రాశాను. జవాబు రాలేదు. అది నాకు కొత్త కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాయన దొనకొండ దగ్గర గ్యాంగుమన్. మాది ఆ పక్క పల్లెలో కూలికి పోయే క్రైస్తవుల ఇల్లు; మా వాళ్లలో రైల్వే కొలువు దొరికిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు, మీటర్ గేజి పట్టాలు. లైను చూడడానికి ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద వచ్చేవాడు. ఆయన గొడుగు కింద కూర్చుంటే గ్యాంగువాళ్లు నలుగురు ఉత్త కాళ్లతో పట్టాల మీద పరుగెత్తుతూ తోసేవారు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు పోయించి పక్కన బల్ల మీద పెట్టుకునేవాడు. ఏ గ్యాంగు హద్దులో నీళ్లు తొణికితే ఆ గ్యాంగు పట్టాలు సరిగ్గా సర్దనట్టు లెక్క. నాయన వాళ్ల హద్దులో ఎప్పుడూ చుక్క పోలేదు. "ఇంట్లో కుండెత్తితే సగం నేలకే పోస్తాడు, పట్టాల కాడ మాత్రం యాడలేని నేర్పు," అని అమ్మ చర్చి మెట్ల మీద కూడా చెప్పుకునేది.

ఒక వేసవి పొద్దున, నాయన ట్రాలీ తోస్తుండగా ఎనుము అడ్డం వచ్చింది. బ్రేకు వేశారు. గ్లాసు ఒరిగింది. నాయన చటుక్కున చేయి చాపి పట్టుకుని, నిండు గ్లాసును నవ్వుతూ ఆయన ముందుకు చాపాడట.

"ఎవడ్రా నిన్ను ముట్టమన్నది?"

"పడిపోతాందని పట్టుకుంటి సారూ. చుక్క గూడా పోలేదు."

"పోతే పోయేది. నువ్వు పట్టినాక ఏం జేసుకోవాల దాన్ని?"

నీళ్లు కంకర మీద పారబోయించి, గ్లాసును అక్కడే వదిలేసి పోయాడు. వారం తిరగకముందే నాయనను దిగువమెట్టకు మార్చారు.

గిట్టనివాళ్లను పంపే చోటు అది. వానలు పడితే అడవి జ్వరం ఇల్లిల్లూ తిరిగేది. క్వినైన్ మాత్ర పనిచేసే మనిషికే ఇచ్చేవారు, ఇంట్లోవాళ్లకు లేదు. పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టి, కాంపౌండరు ఎదుటే మింగించి, నోరు తెరిపించి చూసి, వేలిముద్ర వేయించుకునేవాడు. ఆ వానాకాలం నాకు జ్వరం వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ పోయి అడిగింది.

"అయ్యా, బిడ్డకొకటి ఇయ్యి."

"నీ బిడ్డేమన్నా పట్టాలు సర్దుతాదా ఏంది? పో, పో."

మరునాటి నుంచి నాయన ఎవరు పలకరించినా పలకకుండా నేరుగా ఇంటికి వచ్చేవాడు. నాలుక కింద నుంచి సగం కరిగిన మాత్ర తీసి నా నోట్లో పెట్టేవాడు. నోరు తెరిపించిన కాంపౌండరుకు నాలుక ఎత్తించాలని తోచలేదు. చేదుకు నేను ఉమ్మేయబోతే, "మింగు పాపా. ఇంతసేపు నా నోట్లో ఉండె, నేనేమన్నా ఏడిస్తినా?" అనేవాడు. "పెండ్లయినాక ఇన్నాళ్లకు నోరు మూసుకోని ఇంటికొస్తాండాడు మీ నాయన," అని అమ్మ నవ్వేది.

నాకు తగ్గింది. నాయనకు వచ్చింది. వానలు వెనకబట్టక ముందే పోయాడు.

అమ్మ పాస్టరుగారి చేత అర్జీ రాయించింది. అడవికి పంపినందువల్లే జ్వరంతో పోయాడని ఒప్పుకుని, దొనకొండ వైపు గేటు దగ్గర తనకు ఏదో ఒక పని ఇవ్వమని. జవాబు పట్టుకుని ఆ ఇన్‌స్పెక్టరే ట్రాలీ మీద వచ్చాడు. దిగలేదు.

"దినామూ సాక్షుల ముందర మాత్ర మింగినాడు, వేలిముద్రలు ఉండాయి. మాత్ర మింగినోడు ఈ జ్వరంతో సావడు. కల్లు తాగి సచ్చినాడని రాసినాం."

నాయన బతికినన్నాళ్లూ కల్లు ముట్టలేదు. అమ్మ నోరు తెరిచింది. నా వైపు చూసింది. నిజం చెబితే నాయన రైల్వే మందు దొంగ అవుతాడు.

"అట్లనే సారూ," అంది.

చదువు వచ్చినప్పటి నుంచి ఆ ఒక్క మాట కొట్టేయమని రైల్వే వాళ్లకు రాస్తూనే ఉన్నాను. ఎప్పుడైనా జవాబిస్తే, అంత పాత కాగితాలు తమ దగ్గర లేవంటారు. లేని కాగితాన్ని దిద్దడం కుదరదంటారు. నాయన బతికింది ముప్పై రెండేళ్లు. తాగుబోతై ఎనభై ఏళ్లు కావస్తోంది.