అక్క గుండె మీద కాసిన పందెం

మీ ఇంట్లో మనిషి చెయ్యి పట్టుకుని, గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టారా ఎప్పుడైనా? దేవుడున్నాడా లేడా అని గంటలకొద్దీ వాదించేవాళ్లకు ఆ ఒక్క నిమిషం దొరకదు. నాకూ దొరకలేదు.

బీదరులో ఆఫీసుల బోర్డుల మీద మైసూరు పోయి కర్ణాటక వచ్చిన కొత్త. అక్క బడిలో చిన్నపిల్లలకు కన్నడం చెప్పేది. ఆదివారం మా క్రైస్తవుల గుడిలో తెలుగు పాట ఎత్తుకునేదీ ఆమే. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాపు జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. ఆ ఏడు పాట మధ్యలో ఊపిరి చాలక ఆగిపోవడం మొదలైంది. దవాఖానకు తీసుకుపోయాను.

గుండె గీతలు తీసే యంత్రం అక్కడికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మణికట్లకూ చీలమండలకూ పట్టీలు కట్టారు. వేడి సూది మైనపు కాగితం మీద గీత గీసుకుంటూ పోయింది. డాక్టరు దాన్ని బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు. పెద్ద గీతల మధ్య ఎడం ఒక్కలా లేదు. ప్రతి పెద్ద గీతకు ముందు ఉండవలసిన చిన్న గుట్ట లేదు, దాని చోట సన్నని వణుకు ఉంది. గుండె పైగదుల్లో కరెంటు ఒక చోట పుట్టి ఒక దారిన పోవాలట. అక్కకు అది దారి తప్పి నానా దిక్కులా తిరుగుతోంది. అందుకే ఆ గదులు ముడుచుకోవడం మాని వణుకుతున్నాయి. లోపల నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. రక్తం పల్చబడే మందు కావాలి, దానికి తరచూ పరీక్షలు కావాలి, అవి ఇక్కడ కుదరవు, ఈ వారంలోనే హైదరాబాదు పొమ్మన్నాడు.

ఆ సాయంత్రమే మా మేనమామ వచ్చాడు. ఆయన సంఘంలో పెద్ద. మా వాళ్లలో వారానికొక ఇంట్లో ప్రార్థన జరిగేది. జబ్బు మనిషి రాలేకపోతే ఆ మనిషి ఫోటోనో జాబునో బైబిలు మీద పెట్టి, అందరూ దాని మీద చేతులుంచేవాళ్లు. మామ ఆ కాగితం అడిగాడు.

"గీ కాగితం మీద చేతులు పెట్టి నలభై దినాలు ప్రార్థన చేస్తం అల్లుడా. మల్ల ఇంకోటి తీయించు. గీత సక్కగ రాకుంటే దేవుడు లేడని నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకుంట."

"పెద్దరికం ఇడుస్తవా మామా?"

"ఇడుస్త. సక్కగ వస్తే నువ్వు గుడికొచ్చి ముందటి బల్ల మీద కూసుంటవా?"

కూర్చుంటానన్నాను. వేదికలెక్కి ఎందరి నోళ్లో మూయించినవాణ్ణి, ఇంత సుళువైన గెలుపు వదులుకుంటానా? పైగా షరతు పెట్టింది నేనే. మధ్యలో మందు మొదలుపెడితే గుణం దేనివల్లో తేలదు, కాబట్టి నలభై రోజులూ మందు వద్దన్నాను. శాస్త్రీయంగా ఉండాలి కదా.

అక్క జొన్నరొట్టె కొడుతూ అంతా విన్నది. పిండి చేతులతోనే గడపలోకి వచ్చింది.

"నన్నొక్క మాట అడుగుతారనుకున్న తమ్మీ. గుండె నాది గదా."

నలభై రోజులే కదక్కా అన్నాను. ఆమె మామను చూసింది, నన్ను చూసింది, పెనం మీద రొట్టె మాడుతోందని లోపలికి వెళ్లింది.

కాగితం ఇల్లిల్లూ, చుట్టుపక్కల ఊళ్లూ తిరిగింది. కమఠాణ పోయింది, మన్నళ్ళి పోయింది. మైనం పూత మీద గోళ్లు గీరుకుని, తిరిగి వచ్చేసరికి అక్క గుండె గీతలేవో జనం గోటిగీతలేవో పోల్చడం కష్టమైంది.

నలభయ్యోనాడు రెండో కాగితం తీశారు. గీతలు సమంగా వచ్చాయి. చిన్న గుట్ట కూడా వచ్చింది. మామ అక్కడే మోకాళ్లూని ఏడ్చాడు. డాక్టరు మాత్రం నెమ్మదిగా చెప్పాడు, ఈ జబ్బు మొదట్లో వస్తూ పోతూ ఉంటుందనీ, కాగితానికి అది నడిచిన ఆ కాసేపే తెలుసుననీ, హైదరాబాదు ప్రయాణం మానొద్దనీ. మామ చెవికి అది ఎక్కలేదు. బాగైన మనిషి మందు మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనని సంఘం తీర్మానించింది.

నా చెవికి ఎక్కింది. ఎక్కి ఏం చేశాను? ఇంట్లో కూర్చుని, ఆ పరీక్షలో లోపమెక్కడుందో వ్యాసం రాశాను. పది రోజులు రాశాను. అక్క ఒకసారి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"బస్సుకెప్పుడు పోదం?"

"ఇది అయిపోనీ అక్కా."

ఆ ఆదివారం పాట ఎత్తుకోబోతుంటే ఆమె నోరు ఒక పక్కకు పోయింది. కుడిచేతిలోని పాటల పుస్తకం జారిపడింది. నేను పందెం ప్రకారం ముందటి బల్ల మీదే ఉన్నాను.

అక్క ఇంకా చాలా ఏళ్లు బతికింది. మాట పోయింది, బలపం పట్టే చెయ్యి పోయింది. రాగం మాత్రం మాటలు లేకుండా ఎప్పుడైనా తీసేది. దాన్నీ అద్భుతమన్నవాళ్లున్నారు. మామ పెద్దరికం వదల్లేదు, నేను అడగనూ లేదు. ఆయన అన్నం తినిపించేవాడు, నేను మూతి తుడిచేవాణ్ణి. తర్వాత మేమిద్దరం ఏ సంగతి మీదా వాదించుకోలేదు.

ఇప్పుడు తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగలు గుండెలోకి పంపి, కరెంటు ఎక్కడ పుడుతోందో ఎక్కడ సుడి తిరుగుతోందో తెర మీద పటం గీస్తున్నారని చదివాను. మంచిదే. మాకు అంత పటం లేదు. ఉన్న జానెడు కాగితమే సరిపోయేది, చూడగానే బస్సెక్కి ఉంటే.

ఇది పక్కన పెట్టండి. లేచి వెళ్లి, మీ ఇంట్లో ఆయాసపడే మనిషి మణికట్టు పట్టుకోండి. నిండా నిమిషం చూడండి. దెబ్బకీ దెబ్బకీ ఎడం తప్పుతుంటే ఈ పూటే దవాఖానకు తీసుకుపొండి. నాతో వాదన ఉంటే తిరిగి వచ్చాక పెట్టుకోండి.