చూపు తీయకండి, మరియమ్మగారూ

మొన్న ఉదయం పెరట్లో బట్టలు ఆరవేస్తుంటే గోరింకలు ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. ఒకటీ రెండూ అరిస్తే పట్టించుకోను. అయిదారు ఒకేచోట చేరి, కిందికి చూస్తూ గొంతు చించుకుంటున్నాయంటే నేల మీద ఏదో పాకుతున్నట్టే. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తడి చీర చేతిలోనే ఉండిపోయింది. చెవిలో ఆ పిల్ల గొంతు వినబడింది: "చూపు తీయకండి, మరియమ్మగారూ."

ఆ పిల్ల పేరు కుమారి. ముదినేపల్లి వైపు రైతుల బిడ్డ. ఏలూరు పొలిమేరలో ఓ యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేది. నేను అక్కడ ఊడ్చే మనిషిని. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులు. నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు.

అంతకు రెండేళ్ల ముందు నా భర్త పోయారు. కొల్లేరు గట్టున చేపల చెరువుకు కాపలా ఉండేవారు. మేత బస్తా ఎత్తబోతే చేతికి పురుగు ముట్టింది. పాము పేరెత్తకూడదని మా వైపు అలాగే అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు తలో దిక్కుకూ పరుగెత్తారే గానీ, అది ఏ పామో, ఎటు పోయిందో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నీళ్లపామేలే అన్నారెవరో. ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చున్నాం. ఆస్పత్రికి చేర్చేసరికి ఆయన కనురెప్పలు ఎత్తలేకపోయారు. కట్లపామై ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. అప్పటినుంచి తడి గోనెసంచి కదిలినా నాకు చెమటలు పట్టేవి.

ఆ వానాకాలం హాస్టల్ స్నానాలగదుల్లో పాము దూరింది. వాచ్‌మన్ కర్ర విసిరాడు. దెబ్బ తగిలిందో లేదో తెలియదు, పిల్లలంతా కేకలు వేస్తూ పారిపోయారు, తిరిగొచ్చి చూస్తే పాము లేదు. మూడు రోజులు ఎవరూ స్నానానికి వెళ్లలేదు. నేను చీపురు పట్టుకుని గుమ్మం బయటే నిలబడి ఏడ్చాను. కుమారి వచ్చి, "కొట్టేవాళ్లు పదిమంది ఉన్నారండీ, చూసేవాళ్లు ఒక్కరూ లేరు. అదేనండి మన కష్టం," అంది.

వారం తిరక్కుండా క్లబ్బు పెడతానని వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. పామును పట్టడం ఉండదు, కొట్టడం ఉండదు. కనిపించగానే అందరినీ దూరం జరపడం, భీమడోలులో పాములు పట్టే ఆయనకు ఫోన్ చేయడం, ఆయన వచ్చేదాకా దూరం నుంచి దాని మీద చూపు తీయకపోవడం. అంతే క్లబ్బు.

మేడమ్ నవ్వింది. "డాన్సు క్లబ్బు ఉంది, నాటకాల క్లబ్బు ఉంది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లకి పాముల క్లబ్బని చెప్పుకుంటావా అమ్మా?"

"ముందు బతికుండాలి కదండీ మేడమ్, పెళ్లిచూపులకి," అంది కుమారి, మెల్లగా.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. స్టాఫ్‌లో ఒకరు బాధ్యులుగా ఉండాలనీ, ఒక్క పిల్లకి కాటు పడినా క్లబ్బు మూసేసి కుమారిని హాస్టల్ నుంచి పంపేస్తాననీ చెప్పింది. లెక్చరర్లు ఎవరూ ముందుకు రాలేదు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"నాకు చదువు రాదమ్మా," అన్నాను.

"చూపు వచ్చు కదండీ."

"పాము పేరు చెబితేనే నాకు వణుకు."

"నాకూ అంతేనండి. ధైర్యం ఉన్నవాళ్లు దగ్గరికి పోతారు. మనం పోం. అందుకే మనమే కావాలి."

సంతకం పెట్టాను.

రెండు నెలలకు, మధ్యాహ్నం భోజనాల వేళ, మెస్సు సామాన్ల గదిలో నాగుపాము కనిపించింది. బియ్యం బస్తాల పక్కన పడగెత్తి ఉంది. ముందు గుమ్మంలో నేను, వెనక గుమ్మంలో కుమారి నిలబడ్డాం. బయట జోరువాన. గుండుగొలను దగ్గర రోడ్డు మీదికి నీళ్లొచ్చి భీమడోలు ఆయన ఆగిపోయాడని కబురొచ్చింది.

వెనక నుంచి వంటమనిషి వెంకాయమ్మ ఒకటే గోల. "ఏవండీ మరియమ్మగారూ, పొయ్యి మీద పప్పు మాడిపోతోందండీ! దానికి ముహూర్తం చూసుకుని వెళ్లమని చెప్పండి!"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా రెప్ప వేయడానికి భయం. ఆ గదికి చెరోవైపున నిలబడి, ఒకరి ముఖం ఒకరం చూడకుండానే మాట్లాడుకున్నాం. మా ఆయన సంగతి ఆ రోజే ఆ పిల్లకి చెప్పాను.

"ఆ రోజు ఎవరైనా ఇలా నిలబడి ఉంటే..." అని ఆగిపోయింది కుమారి.

అప్పుడే కరెంటు పోయింది. వాన మబ్బుకి గది నల్లబడింది.

"కనిపిస్తోందాండీ?"

"తోక కనిపిస్తోందమ్మా. కదులుతోంది. నీ వైపే."

జవాబు రాలేదు. ఒక్క క్షణం తలెత్తాను. ఆ పిల్ల ద్వారబంధానికి అతుక్కుపోయి రెండు కళ్లూ గట్టిగా మూసేసుకుంది. మళ్లీ చూపు పాము మీదికి దించి చెప్పాను. "కదలకమ్మా. కాలు ఎత్తకు. నేను చూస్తున్నాను. గడప దగ్గరకొచ్చింది... ఆగింది... పక్కకి తిరిగింది... నూనె డబ్బాల వెనక్కి పోయింది. ఇప్పుడు మెల్లగా వెనక్కి రెండడుగులు వెయ్యి."

వేసింది. భీమడోలు ఆయన వచ్చేదాకా నేను ఆ డబ్బాల మీద నుంచి చూపు తీయలేదు. ఆయన వచ్చి దాన్ని సంచిలో వేసుకుని వెళ్లాక ఇద్దరం మెట్ల మీద కూలబడ్డాం.

"ఎవరికీ చెప్పనులే అమ్మా," అన్నాను. తెలిస్తే క్లబ్బు మూసేస్తారని నా భయం.

మర్నాడు కుమారి అందరినీ హాల్లో కూర్చోబెట్టి, వార్డెన్ మేడమ్ ఎదుటే, తనే చెప్పేసింది. "నిన్న నేను కళ్లు మూసుకున్నాను. మరియమ్మగారు మూసుకోలేదు కాబట్టి ఇక్కడున్నాను. ఇకనుంచి ఏ గుమ్మం దగ్గరా ఒక్కరే నిలబడకూడదు. ఇద్దరుండాలి. ఒకరి కళ్లు మూతపడితే రెండోవారు చెప్పాలి." మేడమ్, "ఏ గుమ్మానికి ఏ ఇద్దరో ఆ పేర్లు నోటీసుబోర్డు మీద రాయండి," అని లేచి వెళ్లిపోయింది.

చదువు అయిపోయి కుమారి వెళ్లిపోయింది. కొన్నాళ్లు హాస్టల్‌కి ఫోన్ చేసేది, తర్వాత ఆగిపోయింది. పిల్లలు ఏటా మారిపోతారు. ఒక ఏడు క్లబ్బులో ముగ్గురే మిగిలారు. అయినా వానలు మొదలవగానే కొత్తపిల్లల గదులకు వెళ్లి నేనే అడిగేదాన్ని, "పాములంటే భయమేనా అమ్మా?" అని. లేదన్నవాళ్లకి ఫోన్ చేసే పని ఇచ్చేదాన్ని. భయమన్నవాళ్లని ఇద్దరిద్దరిగా గుమ్మాల దగ్గర పెట్టేదాన్ని. నేను పని మానేదాకా మా హాస్టల్లో ఒక్క కాటు పడలేదు.

మొన్న గోరింకల అరుపులకు పక్కింటి సుబ్బారావు కర్ర పట్టుకుని వచ్చాడు. బట్టలుతికే బండ కింద నల్లటి తోక అప్పటికే నా కంట పడింది.

"ఒక్క దెబ్బ పిన్నీ, అయిపోద్ది."

"కర్ర కింద పెట్టి, అక్కడినుంచే ఫోన్ చెయ్యి."

"ఒళ్లంతా వణికిపోతున్నావు! లోపలికి పోరాదూ?"

"వణకనీరా," అన్నాను, తల తిప్పకుండా. "ఫోన్ చేశాక నా పక్కన నిలబడి నువ్వూ చూడు. ఇద్దరుండాలి."