పరీక్ష హాల్లో దేవుడి చీటీలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, మా ఇంట్లో ఏ సందేహం వచ్చినా నేరుగా దేవుడి దగ్గరికే వెళ్ళేది. అక్కకు రెండు సంబంధాలు వస్తే ఏది ఖాయం చేయాలి, ఇల్లు మారాలంటే ఏ వీధికి మారాలి, చివరికి నాన్న కంటి ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో అన్నది కూడా చీటీలు రాసి, చుట్టి, స్వామి పాదాల దగ్గర పెట్టి, హారతి ఇచ్చాక ఒకటి తీసి తేల్చుకునేవాళ్ళం. కాటన్‌పేటలో మా పెద్దమ్మ నడిపే శనివారం సత్సంగానికి నలభై మంది దాకా వచ్చేవారు. వాళ్ళలో ఒక్కరైనా ఈ పద్ధతిని శంకించినట్టు గుర్తు లేదు. నేనూ శంకించలేదు, ఇప్పటికీ శంకించను. కాకపోతే స్వామిని అడగాల్సిందేదో, మనమే చదువుకోవాల్సిందేదో తెలియడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది (ఇంకా పూర్తిగా తెలియలేదని మా ఆవిడ అభిప్రాయం).

రెండో పీయూసీలో (ఇంటర్ రెండో ఏడు అనుకోండి) అన్నీ పాసై, ఇంగ్లీషు మాత్రం రెండుసార్లు తప్పాను. నాన్నకు తెలిసిన ఒక సహకార సంఘంలో గుమస్తా ఉద్యోగం నాకోసం ఆపి ఉంచారు. ఈసారి కూడా తప్పితే అది ఇంకొకరికి పోతుందని ఖచ్చితంగా చెప్పేశారు. నన్ను ముంచేది ప్రతిసారీ ఒకే ప్రశ్న. పది వాక్యాలు, పది ఖాళీలు. ‘హూ’, ‘హూమ్’, ‘హూజ్’, ‘విచ్’, ‘దట్’, ఈ ఐదింటిలో సరైనది పెట్టాలి. ట్యూషన్‌కు వెళ్ళాను. సత్సంగంలో మృదంగం వాయించే రిటైర్డ్ మేష్టరు ఒకాయన చెప్పేవారు. "మనిషైతే హూ, వస్తువైతే విచ్. ముందు మనిషా వస్తువా చూడప్పా, మిగతాది దానంతటదే వస్తాది" అనేవారు ఎంతో ఓపికగా.

నా చిక్కంతా అక్కడే ఉంది. మా ఇంట్లో ఉత్త వస్తువు అనదగ్గది వెతికినా దొరకదు. గడప లక్ష్మి, తులసి తల్లి, పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. ఆయుధ పూజనాడు కుట్టుమిషను, నాన్న సైకిలు కూడా బొట్టు పెట్టించుకుని పూలు ముడుచుకుని కూర్చునేవి. ఇలాంటి ఇంట్లో పెరిగినవాడు పాలిచ్చే ఆవుకు ‘విచ్’ ఎలా పెడతాడు? నేను భక్తిగా ‘హూ’ పెట్టాను. మేష్టరు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఆ నోటుబుక్కు పెద్దమ్మ కంట పడింది.

"గోమాతను వస్తువంటాడా ఆయప్ప?"

"ఇంగ్లీషులో అంతేనంట పెద్దమ్మా."

"ఇంగ్లీషోళ్ళ ఇంట్లో అంతేమో. మన ఇంట్లో ఏది మనిషి, ఏది వస్తువు అని తేల్చేది నీ వల్లా కాదు, ఆ మేష్టరు వల్లా కాదు. సుమ్మనే తల పగలగొట్టుకోవద్దు. స్వామినే అడుగు."

అలా ఆ శనివారం స్వామి పాదాల దగ్గరికి ఐదు ఇంగ్లీషు చీటీలు చేరాయి. నేనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నలభై మందీ భజన చేశారు. పాపం, మేష్టరు కూడా తల దించుకుని మృదంగం వాయించారు. పెద్దమ్మ చీటీలను పసుపు గుడ్డలో మూటగట్టి, కుంకుమ చల్లి నా చొక్కా జేబులో పెట్టింది. ఒక్కో ఖాళీకి ఒక్కో చీటీ తీయాలి, వచ్చినది రాయాలి, మళ్ళీ చుట్టి మూటలో కలపాలి. ఇదీ ఏర్పాటు.

పరీక్ష హాల్లో ఆ ప్రశ్నకు వచ్చేసరికి కళ్ళు మూసుకుని స్వామిని తలచుకున్నాను. మొదటి ఖాళీకి ‘హూజ్’ వచ్చింది. రాశాను. రెండోదానికీ ‘హూజ్’. కొంచెం అనుమానం వచ్చింది, కానీ భక్తుడికి అనుమానం తగదని రాశాను. మూడోది విప్పితే అదీ ‘హూజ్’. దాన్ని పట్టుకుని ఆలోచిస్తుండగా నా మణికట్టు ఇంకొకరి చేతిలో పడింది. "ఏనిదు?" అన్నారు కన్నడంలో, కాపలాకు వచ్చిన మేడం. ఇదేమిటని అడిగితే ఏం చెప్పను? దేవుడి చీటీలన్నాను. పరీక్ష హాల్లో పిల్లలు చాలా కబుర్లు చెబుతారు గానీ, ఈ కబురు ఆవిడ మొదటిసారి విన్నట్టుంది. మూటతో సహా నన్ను వరండా వెంట పరీక్షల చీఫ్ సూపరింటెండెంటు గదికి నడిపించారు. కాపీ కొడుతూ దొరికితే మూడేళ్ళు పరీక్ష రాయనివ్వరని మా వీధిలో అనుకునేవారు. ఉద్యోగం అప్పుడే పోయిందనుకున్నాను.

చీఫ్ సారు మనవైపాయనే, తెలుగువారు. ఐదు చీటీలూ విప్పి బల్లమీద వరసగా పేర్చి, ప్రశ్నపత్రం పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"వీటిలో జవాబు ఏదప్పా?"

"నాకు తెలీదు సార్. స్వామి చెప్పాల."

"చెప్పినాడా?"

"మూడుసార్లు హూజ్ అన్నాడు సార్."

ఆయన ప్రశ్నపత్రం ఇంకోసారి చూశారు. "స్వామికి వేరే పనులుండాయప్పా" అన్నారు మెల్లగా.

రూలు రూలేనని మేడం పట్టుబట్టారు. అప్పుడు ఆ సారు చెప్పిన మాట నాకు ఉపనిషత్తు లాంటిది. "కాపీ కొట్టేటోళ్ళు జవాబు రాసుకొస్తారు మేడం. ఈ పిల్లోడు తన అనుమానాన్నే రాసుకొచ్చినాడు. దీనికి ఏ రూలుండాది?" మేడం, నవ్వు ఆపుకోవడానికనుకుంటాను, కిటికీ వైపు తిరిగారు. చీఫ్ సారు పసుపు గుడ్డను కళ్ళకద్దుకుని, చీటీలన్నీ సొరుగులో వేసి తాళం పెట్టారు. "పో, నీకు తెలిసింది నువ్వే రాయి" అన్నారు.

ఇరవై నిమిషాలు పోయాయి, చీటీలూ పోయాయి. గత్యంతరం లేక మొదటిసారి ఆ వాక్యాలను చదివాను. చదివితే వింతగా మేష్టరి గొంతు వినిపించడం మొదలైంది. రెండు ‘హూజ్‌’లూ కొట్టేశాను. ఒక వాక్యంలో నది ఉంది. మా ఇంటి కొళాయిలో వచ్చే కావేరిని తలచుకుని, క్షమించు తల్లీ అని ‘విచ్’ రాశాను.

ముప్పై ఐదు వస్తే పాసు. నాకు ముప్పై ఏడు వచ్చాయి. పెద్దమ్మ నన్ను శనివారం సత్సంగంలో నిలబెట్టి, చీటీల మహిమ అందరికీ చెప్పమంది. అబద్ధం చెప్పడానికి అది చోటు కాదు. జరిగినదంతా చెప్పేశాను. మేష్టరు మృదంగం మీద చేతులు ఆనించి నా వైపే చూస్తున్నారు. పెద్దమ్మ అగ్గిపెట్టె అందుకుంది. "చూసినారా? మూడుసార్లు తప్పు చెప్పినా ఈడికి బుద్ధి రాలేదని, స్వామే ఆయమ్మ చేత పట్టించినాడు" అని హారతి వెలిగించింది. మేష్టరు ఎంత గట్టిగా వాయించారో.

నేనూ ఆ మాటే నమ్ముతాను. ఆ సంఘంలోనే ఉద్యోగం చేసుకుంటూ, భజనలు చేసుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. గొంతు బాగుందని, తాళం తప్పదని నలుగురూ అంటారు. కానీ మేడం వెనకాల చీఫ్ గది దాకా నడిచిన ఆ కాసేపు, తాళం లేకుండా, రాగం లేకుండా ఆ పందొమ్మిదేళ్ళవాడు స్వామిని పిలిచిన పిలుపు ఉంది చూశారూ, అలాంటిది మళ్ళీ నా నోట రాలేదు.