పొడి చల్లారే గది

నేను చేసే పని ఏమిటో అవ్వకు, అంటే మా అమ్మకు, అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. "పసుపు నూనెను పొడి చేస్త" అంటే నవ్వేది. చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే, "నూనె నూనే, పొడి పొడే. రెండు ఒకటెట్లయితయ్?" అనేది.

ఒకరోజు ఓపిగ్గా పక్కన కూర్చుని చెప్పాను. పసుపు కొమ్ముల నుంచి తీసిన నూనెను కంటికి కనిపించనంత చిన్న చుక్కలుగా విరగ్గొడతాం. ఒక్కో చుక్క చుట్టూ తుమ్మజిగురు లాంటి జిగురుతో పొర కడతాం. ఆ పొర ఆరితే బయటికి పొడిలాగే ఉంటుంది, లోపల నూనె నూనెలాగే ఉంటుంది. వాసన ఎగిరిపోదు, ఎండకు రంగు వెలిసిపోదు, నీళ్లలో వేస్తే కలిసిపోతుంది. పుస్తకాల్లో దీన్ని మైక్రోఎన్‌క్యాప్సులేషన్ అంటారు. అవ్వ ఆ మాట పలకడానికి ప్రయత్నించలేదు. "గంత చిన్న సుక్కకు అంగి తొడుగుతవా? మంచిగనే ఉన్నది నీ పని" అంది.

నాకు ఆ మాట మొదట పరిచయమైంది నిజామాబాద్‌లో ఫార్మసీ చదివేటప్పుడు. మా మేడం ఒక కొరియర్ రసీదు పుస్తకం తెచ్చి, పై కాగితం మీద పెన్నుతో గీత గీసి, కింది కాగితం చూపించింది. నీలంగా అదే గీత. "మధ్యలో కార్బన్ పేపర్ ఏది?" అని అడిగింది. పై కాగితం వెనక రంగు లేని సిరా నింపిన వేల వేల బుడగలు పూసి ఉంటాయని, పెన్ను ఒత్తిడికి అవి పగిలి కింది కాగితం మీది పూతతో కలిసి నీలమవుతాయని చెప్పింది. ఆ రసీదు ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకుని, పెన్ను కూడా లేకుండా ఉత్త గోటితో గీసి చూసుకున్నాను. గీత పడింది. మందైనా, సిరా అయినా, వాసన అయినా, మనం కావాలన్న చోట, కావాలన్నప్పుడే బయటికి వచ్చేలా దాచిపెట్టవచ్చన్నమాట. నేను నేర్చుకోవలసింది ఇదేనని ఆ రోజే అనుకున్నాను.

అప్పటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోయింది. మా బాపు అక్కడ పాన్ మ్యాన్. చెరకు రసం ఉడికి చిక్కబడి చక్కెర గింజ కట్టే పెద్ద ఇనుప పాత్రను పాన్ అంటారు. గింజ ఎప్పుడు మొదలైంది, ఎంత పెరిగింది, ఎప్పుడు దించాలి అన్నది చూసుకునే మనిషి పాన్ మ్యాన్. చిన్న గాజు పలక మీద ఒక బొట్టు వేసి, వెలుతురుకు పట్టి చూసి చెప్పేవాడట. ఫ్యాక్టరీ ఆగాక మేము నిజామాబాద్‌కు వచ్చాం. అవ్వ బీడీలు చుట్టింది, బాపు ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్‌గా చేరాడు. ఇంట్లో ఫ్యాక్టరీ ఊసెత్తేవాడు కాదు. మేమూ అడగలేదు.

ఒకసారి కడుపులో మంటకు డాక్టర్ రాసిన గొట్టం మాత్ర మింగలేక, దాన్ని విప్పి లోపలి గింజలను చెంచాతో నూరబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"నూరొద్దు బాపు. ఒక్కో గింజకు పొర ఉన్నది. కడుపుల పులుపుకు మందు ఖరాబ్ గాకుండ, పేగులల్లకు పోయినంకనే ఆ పొర కరుగుతది. నూరితె మందు వేస్ట్."

బాపు చెంచా పక్కన పెట్టి గింజలను అరచేతిలో పోసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశాడు.

"అన్నీ ఒక్క తీరుగ ఉన్నయ్ బిడ్డా. గిట్ల పడాలంటె చెయ్యి మంచిగుండాలె" అన్నాడు.

ఫ్యాక్టరీ ఆగిన తర్వాత ఆయన నోట పనిమంతుడి మాట వినడం నాకు అదే మొదటిసారి.

చదువయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు పనిచేసి, బోధన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఒక చిన్న యూనిట్‌లో కెమిస్ట్‌గా చేరాను. యజమాని బోధన్ పక్క పల్లె రైతు. ఆయన తాతలు కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్లు. వరి, పసుపు పండిస్తాడు. పండిన పసుపును కొమ్ములుగానే అమ్ముకోవడం ఎందుకని ఈ యూనిట్ పెట్టాడు. పెద్ద ఉక్కు గోపురం లాంటి యంత్రం. పైనుంచి పాల లాంటి ద్రవాన్ని వేడిగాలిలోకి చిమ్మితే, కిందికి వచ్చేసరికి పసుప్పచ్చని పొడి. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ, నీళ్లలో కలుపుకుని తాగే మందు కోసం మా పొడి తీసుకుంటామంది.

వానాకాలం మొదలయ్యాక కష్టం వచ్చింది. యంత్రం నుంచి దిగేటప్పుడు వేళ్ల సందుల్లోంచి జారిపోయే పొడి, సంచిలో రెండు రోజులుండేసరికి రాయి అవుతోంది. కంపెనీ వాళ్లు శాంపిల్ తిప్పి పంపారు. జిగురు పాళ్లు మార్చాను. వేడి పెంచాను, తగ్గించాను. తేమ చూస్తే ఉండవలసినంతే ఉంది. నెల గడిచింది. యజమాని కోప్పడలేదు. "ఇంకోసారి చూద్దామండీ. మీరు చేయగలరు, నాకు తెలుసు" అనేవాడు. తిట్టినా బాగుండేది.

ఒక సాయంత్రం గడ్డ కట్టిన ముక్కను డబ్బాలో వేసుకుని ఇంటికి వచ్చాను. బాపు చూశాడు.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?"

"పొడి గడ్డ కడుతున్నది బాపు. ఎక్కడ తప్పు జేస్తున్ననో సమజైతలేదు."

ముక్కను తీసుకుని బొటనవేలితో విరిచాడు. అంచులు పొడిపొడిగా రాలాయి. నడుమ మాత్రం విరగలేదు.

"గిది కలిపేటప్పుడు వచ్చిన తప్పు గాదు. సంచిలకు పోయినంక కట్టిన గడ్డ. సూడు, నడుమనే గట్టిగున్నది. చక్కెర గూడ గిట్లనే జేస్తుండె" అని, నా వైపు తిరిగి అడిగాడు. "సంచి కట్టేటప్పుడు పొడి ఎంత వేడి ఉంటది?"

యంత్రంలోకి పోయే గాలి వేడి, బయటికి వచ్చే గాలి వేడి రోజూ రాసుకుంటున్నాను. సంచి కట్టే ముందు పొడి వేడి ఎంతో ఒక్కసారీ చూడలేదు.

మరునాడు బాపును స్కూటీ మీద యూనిట్‌కు తీసుకెళ్లాను. పెళ్లిళ్లకు తొడిగే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. లోపలికి వెళ్లడానికి తలకు టోపీ, చేతులకు గ్లౌజులు ఇస్తే వేసుకున్నాడు. నేరుగా వెళ్లి, ఒక గంట ముందు కట్టిన సంచి మీద అరచెయ్యి ఆనించాడు.

"గిది ఇంక కాలుతున్నది" అన్నాడు.

థర్మామీటర్ గుచ్చి చూశాను. నడుమ యాభై దాటి ఉంది. ఆ వేడికి పొర మెత్తబడి, రేణువు రేణువుకు అంటుకుంటోంది.

"చల్లారినంక కట్టండ్రి సార్" అని యజమానితో చెప్పాడు.

ఆయన వెంటనే ఒక ట్రేలో పొడి పరిపించాడు. కానీ బయట వాన. ఆ గాలికి పొడి తేమ తాగి, మధ్యాహ్నానికి జిగటగా అయింది. నాకు నీరసం వచ్చింది. బాపు మాత్రం, "గాలిని గూడ ఎండగొట్టాలె బిడ్డా. వానకాలం మా ఫ్యాక్టరీల చక్కెరకు ఉత్త గాలి తగలనియ్యకపోతుండిరి" అన్నాడు.

స్టోర్‌రూమును ఖాళీ చేసి ఏసీ, తేమ లాగే యంత్రం, స్టీలు రాక్‌లు పెట్టించాం. గాలిలో తేమ ఎంతకు దిగితే పొడి క్షేమంగా ఉంటుందో ఒక్కో ట్రే పెట్టి నేను తేల్చాను. ట్రేలో పొడి ఎంత మందం ఉండాలో బాపు తేల్చాడు. రెండు వేళ్లు. అంతకంటే ఎక్కువైతే ఒప్పుకోలేదు. వారం ఆగి సంచి విప్పినప్పుడు పొడి నీళ్లలా జారింది. యజమాని దోసిట్లో తీసుకుని వదిలి, మళ్లీ తీసుకుని వదిలి, "ఏవండీ పెద్దాయనగారూ, ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ మీరు?" అన్నాడు.

నేను చిటికెడు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి బాపును పిలిచాను. ఒక కన్ను మూసి చూశాడు. గుండ్రని రేణువులు, ఒక్కటీ పగలకుండా, ఒకదాన్నొకటి అంటుకోకుండా.

"ఇందుల ఒక్కోదాని లోపట నూనె ఉన్నదా?"

"ఉన్నది బాపు."

"పదిహేడేండ్లు గింజను సూసిన. గింత చిన్నది ఎన్నడు సూడలె" అన్నాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ వంగాడు.

కంపెనీ నుంచి తనిఖీకి ఒక మేడం వచ్చింది. అన్నీ చూసి, పొడి చల్లారే ఆ గది దగ్గర ఆగింది. "ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగింది. యజమాని నా వైపు చూశాడు. "మా నాన్నగారిది" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు మామూలు కంటే పెద్దగా వచ్చింది. ఆయనతో మాట్లాడాలంది. ఫోన్ చేస్తే బాపు ఆటోలో వచ్చాడు.

"రెండు వేళ్ల మందమే ఎందుకు? నాలుగు పెడితే పని తొందరగా అవుతుంది కదా?"

"పైన సల్లగున్నా నడుమ వేడి దాగి ఉంటది మేడం. చెయ్యి పెట్టి సూస్తె చెయ్యి మోసపోతది. రెండు రోజులైనంక గడ్డ బయటవడ్తది."

ఆవిడ ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది. తర్వాత ఎక్కడ చదివారని అడిగింది.

"ఏడు దాంక సదివిన. మిగిలింది పాన్ కాడ నేర్సుకున్న" అన్నాడు బాపు, నిటారుగా నిలబడి.

పదిహేను రోజులకు మా పొడికి కంపెనీ ఆమోదం వచ్చింది. బాపు ఫంక్షన్ హాల్ పని మానేశాడు. ఇప్పుడు మా యూనిట్‌లో పొడి చల్లార్చే గది ఆయనదే. సంచులు కట్టే ఆడవాళ్లకు పొడి ఎట్లా పరవాలో, ఎప్పుడు కట్టాలో ఆయనే నేర్పుతాడు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు బీడీలు చుట్టినవాళ్లే. చేతుల వేగం చూసి మురిసిపోతాడు. బీడీల కార్ఖానాలో అవ్వను ఎవరైనా అడిగితే, "మా ఇంట్ల ఇద్దరు మందుల పని జేస్తరు" అని చెబుతుందట.

మొన్న ఏదో శాంపిల్ కోసం ఆ గది తలుపు రెండుసార్లు తీశాను. బాపు లోపలి నుంచే అన్నాడు.

"మాటిమాటికి తలుపు తియ్యకు బిడ్డా. గాలి తడుస్తది."

కోటు జేబులో పెన్ను, మెడలో ఐడీ కార్డు ఉన్న కెమిస్ట్‌ను నేను. చుట్టూ ఆడవాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు.

"సరే బాపు" అని తలుపు మూసి, ఆయన పిలిచేదాకా బయటే నిలబడ్డాను.