చివరి కుర్చీ పెద్దమనిషి

ఆ వీధిలో గడియారాల కొట్టుకీ టీ కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క రోడ్డే. సాయంత్రం పూట రోడ్డుకి ఇటుపక్క గడియారాలాయన కంటికి భూతద్దం తగిలించుకుని చిన్న చిన్న పళ్లచక్రాలతో కుస్తీ పడుతుండేవాడు. అటుపక్క బెంచీ మీద మేజిక్కులాయన టీ తాగుతుండేవాడు, వీపు ఇటు పెట్టి. ఇద్దరూ బావా బావమరుదులు. గడియారాలాయన సొంత అక్కే మేజిక్కులాయన భార్య. వాళ్లిద్దరికీ మాటల్లేవని వీధి వీధంతా ఎరుగును. ఎందుకు లేవంటే మాత్రం తలో మాటా చెప్పేవారు. ఎక్కువమంది సైకిలు అనేవారు.

నిజానికి అంత మాట్లాడుకునే మనుషులు ఆ వీధిలో ఇంకెవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలు చేసి అందరూ కునుకు తీసే వేళ, బావ పెరటి సందులోంచి వచ్చి వెనక తలుపు తట్టేవాడు. ఇక చీకటి పడేదాకా ఇద్దరికీ నోరు మూతపడేది కాదు. మళ్లీ సోమవారం పొద్దున్న వీధిలో ఎదురుపడితే ఎడమొహం, పెడమొహం.

ఇదంతా ఒక గడియారం ఆట తెచ్చిపెట్టిన తంటా. పెళ్లయిన కొత్తలో బావ ఆ ఆట కట్టాడు. ముందే వేదిక మీద అందరికీ కనబడేలా ఒక పెట్టె తాడుకి వేలాడుతుంటుంది. జనంలోంచి ఒకరిని పైకి పిలిచి, చేతి గడియారం అడిగి తీసుకుని, రుమాలులో చుట్టి సుత్తితో నుజ్జు చేస్తాడు. తరవాత పెట్టె దించి తెరిపిస్తే పెట్టెలో పెట్టె, అందులో మరో పెట్టె, అన్నిటికన్నా చిన్నదాంట్లో అదే గడియారం, టిక్కుటిక్కుమంటూ. మర్మం పెద్దదేమీ కాదు. పెట్టెలో ముందే ఉన్నది దాని కవల. నుజ్జయ్యేవి కొట్లో పనికిరాక పారేసిన ముక్కలు. ఇచ్చిన గడియారం బావ లోపలి జేబులోకి పోతుంది. కాకపోతే గడియారం ఇచ్చే మనిషి తమ మనిషి అయి ఉండాలి. ఆ మనిషి బావమరిది. కవలని తయారు చేసిందీ అతనే, అద్దం మీద గీతతో సహా.

మొదటిసారి ఊరి హాల్లో ఆ ఆట వేసినప్పుడు బావ గొంతు సవరించుకుని, "చివరి కుర్చీలో ఉన్న పెద్దమనిషి గారూ, ఒక్కసారి పైకి దయచేస్తారా?" అన్నాడు. అప్పటికి పెద్దమనిషికి మీసం కూడా సరిగ్గా రాలేదు. వేదిక మెట్లెక్కాడో లేదో, వెనకనుంచి ఎవరో అరిచారు.

"వాడు నీ బావమరిదే కదయ్యా!"

హాలు గొల్లుమంది. బావకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. దారి చెప్పింది అక్క. "మీ ఇద్దరికీ పడదని జనం అనుకోవాలి. పడనివాడు సాయం ఎందుకు చేస్తాడు? పెద్ద గొడవలు పెట్టుకోకండి, తీరుస్తామని నలుగురూ వస్తారు. చిన్నది చాలు. ఏ సైకిలో."

మర్నాడు పొద్దున్నే బావ నడివీధిలో నిలబడి కేకలు వేశాడు. "మర్యాదగా నా సైకిలు నాకు పారెయ్!"

"ఏ సైకిలు? నీ మొహానికి సైకిలొకటా?" అని బావమరిది కొట్లోంచే అందుకున్నాడు.

సైకిలన్నది అసలు ఏ ఇంట్లోనూ లేదు. అయినా పక్కనున్న మంగలి, తను ఆ సైకిలు చూశానని, దానికి బెల్లు మోగదని కూడా చెప్పేవాడు.

తరవాతి ఆటలో బావ అతన్నే పైకి పిలిస్తే హాలు ఊపిరి బిగబట్టింది. పడనివాడి గడియారం చేతికి చిక్కింది, ఈయన నిజంగానే బద్దలు కొడతాడు అనుకున్నారు. కొట్టాడు. పెట్టెలోంచి మళ్లీ వచ్చింది. అలాంటి చప్పట్లు బావ అంతవరకూ వినలేదు. ఆట బలమంతా తగాదాలోనే ఉందని ఇద్దరికీ తెలిసిపోయింది. ఇక తగాదా మానడానికి వీల్లేకపోయింది.

మేజిక్కు చేసేవాళ్లంతా హాలు మేడమీద, పాత తెరలు పడేసే గదిలో శనివారాలు కలుసుకునేవారు. పావురాలాయనది పగలంతా మందుల షాపు. తాడు కోసి అతికించే ఆయన స్కూల్లో గుమాస్తా. ఎవరి ఆటకి వాళ్లకి జనంలో కూర్చునే తమ మనిషి ఒకడు ఉంటాడు, ఆ మనిషిని పేరుతో పిలవరు. ఆ గదిలో మాట మెట్లు దిగకూడదన్నది వాళ్ల కట్టుబాటు. గడియారాలాయన స్ప్రింగులు బాగుచేసే వంకతో దొడ్డిమెట్ల మీదుగా వెళ్లేవాడు. వాళ్లందరికీ అతను పెద్దమనిషే. తన పని గురించి అడిగితే చెప్పేవాడు, అదీ తల ఎత్తకుండా. టిక్కెట్టు ఎప్పుడూ తనే కొనుక్కోవాలి. పిలిచిన వెంటనే లేవకూడదు, మరీ బెట్టు చేయకూడదు. గడియారం ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం వెనక్కి లాక్కోవాలి. సుత్తి పడ్డప్పుడు మొహం మాడాలి గాని ఏడవకూడదు.

"ఎక్కువ చేస్తే జనం మొహం చూస్తారు, సుత్తి చూడరు," అనేవాడు.

"మా ఆవిడ దగ్గర కూడా ఇంత కొలత పెట్టుకుంటే బాగుపడేవాణ్ణి," అన్నాడు పావురాలాయన.

ఆడవాళ్లు మాత్రం మామూలుగా ఒకరి గుమ్మంలో ఒకరు కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. మగాళ్లకన్నా వాళ్లు నయం అనేది వీధి. గడియారాలాయన భార్య ఆ మెప్పు కిమ్మనకుండా పుచ్చుకునేది. మొగుడితో మాత్రం, "మీ బావ టీ తాగుతుంటే అలా దొంగచూపులు చూడకండి, ఎవరైనా చూస్తే పరువు పోతుంది," అని ఆటపట్టించేది.

అతను చూసే మాట నిజమే. రోడ్డుకి అటూ ఇటూ ఇంత కాలం గడిచిపోయింది. అతనికి ఉన్న కోరిక ఒక్కటే, కొట్టు ముందు రెండో కుర్చీ వేసి, పట్టపగలు, బావతో కూర్చుని టీ తాగాలని. ఆ కుర్చీ ఎప్పుడో చేయించాడు కూడా. గోడవారగా మడిచి పెట్టి ఉండేది. దాని మీద రిపేరుకొచ్చిన గోడ గడియారాలు పెట్టుకునేవాడు.

బావ కళ్లకి మసక కమ్మింది. వేదిక మీద కళ్లజోడు పెట్టుకోనని మొండికేశాడు. ఒక ఆదివారం వెనక గదిలో కూర్చుని అన్నాడు, "ఇంకొక్క ఆట వేసి మానేస్తానురా. ఆ తరవాత సందులోంచి రాను. వీధిలోంచి వస్తా. ఆ కుర్చీ దులిపి ఉంచు."

"నిజంగానా బావా?"

"ఆట మానేశాక ఇంకెవరికి భయపడాలి?"

ఆ చివరి ఆట రోజున పెద్దమనిషి పాత కోటు వేసుకుని, టిక్కెట్టు కొనుక్కుని, ఎప్పట్లాగే నాలుగో వరసలో నడవ పక్కనున్న చివరి కుర్చీలో కూర్చున్నాడు. దీపాలు ఆర్పే ముందు తెల్లమీసాల పెద్దాయన ఒకాయన కర్ర ఊతంతో వచ్చాడు. ఊళ్లో కొత్తగా దిగిన రిటైరైన స్టేషన్ మాస్టరు.

"ఏవండీ, మోకాళ్లు వంగవు. ఆ చివరి సీటు నాకిస్తే కాళ్లు బారజాపుకుంటాను."

ఇవ్వనని ఎలా అంటాడు? మామూలు ప్రేక్షకుడికి ఒక సీటు మీద అంత మమకారం ఎందుకు ఉంటుంది? లేచి పక్కకి జరిగాడు. బావ చూసుకుంటాడులే అనుకున్నాడు. బావ కళ్ల సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"చివరి కుర్చీలో ఉన్న పెద్దమనిషి గారూ," అని బావ పిలవగానే స్టేషన్ మాస్టరు సంబరంగా లేచాడు. పెద్దమనిషి సగం లేచి మళ్లీ కూలబడ్డాడు. పిలిచింది నన్నండీ అని నోరు విప్పితే అక్కడితో సరి. ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ వేదిక ఎక్కి, జేబులోంచి గొలుసు గడియారం తీసి బావ చేతిలో పెట్టాడు.

బరువు చేతికి తగలగానే బావకి అర్థమైంది. ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. పెట్టె నెత్తిమీద వేలాడుతోంది. అందులో ఉన్నది తోలు పట్టీ గడియారం. ఆట ఆపడం ఆయనకి చేతకాదు. రుమాలు తీశాడు. గొలుసు గడియారం కోటు లోపలికి పోయింది, ముక్కలు రుమాలులోకి వచ్చాయి, సుత్తి పడింది.

"అయ్యో!" అన్నాడు స్టేషన్ మాస్టరు.

ఆ అరుపుకి పెద్దమనిషి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా ఒక సంగతి అతని కంట పడింది. ఇన్నాళ్లూ తను ఆ బాధని మొహంతో చూపించాడు. ముసలాయన బాధ మాత్రం భుజాల్లో కనబడింది.

పెట్టె దిగింది. స్టేషన్ మాస్టరు ఒక్కొక్క మూతా తీశాడు. చివరిదాంట్లోంచి తీసి పైకి పట్టుకున్నాడు.

"ఇది నాది కాదండీ," అన్నాడు పాపం, మెల్లగా.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. పెద్దమనిషి వంగి, మణికట్టు మీది గడియారం విప్పి మేజోడులోకి తోశాడు. లేచి నిలబడి ఖాళీ చెయ్యి పైకెత్తాడు.

"అది నాది! నా చేతిది!"

జనమంతా అటు తిరిగారు. బావమరిది! మాటల్లేని బావమరిది! బావకి మొహం కనబడలేదు గాని గొంతు చాలు. తోలు పట్టీ గడియారం తీసుకుని, లోపలి జేబులోది గుప్పిట్లోకి జార్చుకుని వేదిక దిగి, ఆ గొంతు వచ్చిన వైపే నడవలో నడిచి వచ్చాడు. దాన్ని అతని చేతిలో పడేసి, మొహం చిట్లించి, "మరి ఆయనది తమరి దగ్గర ఏం చేస్తోందండీ?" అంటూ అతని కోటులో చెయ్యి పెట్టాడు. గొలుసు పట్టి లాగితే వెండి గడియారం ఊగుతూ బయటికొచ్చింది.

స్టేషన్ మాస్టరు చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నడుస్తోందండోయ్!" అన్నాడు. ఆ తరవాత ఆయన ఏమన్నాడో చప్పట్లలో వినబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం వెనక తలుపు చప్పుడైంది. కుర్చీ దులిపి పెట్టుకున్నవాడు ఆ చప్పుడు విని మొహం వేలాడేశాడు.

"వీధిలోంచి వస్తానన్నావు కదా బావా."

"ఎలా వస్తానురా? ఇవాళ నీతో టీ తాగితే రేపు జనం ఏమంటారు? ఇద్దరూ కూడబలుక్కున్నారు అనరూ? ముసలాయన ఊరంతా తిరిగి చెబుతున్నాడు, నన్నెవరూ ఎరగరు, నా గడియారం గాల్లో ఎగిరి వెళ్లింది అని. ఆయన మాట కొట్టేసినట్టు కాదూ?"

వెనకే వచ్చిన అక్కకి ఒళ్లు మండింది. "తెర దించేశారు. ఇంకా ఎవరి కోసం ఈ వేషాలు? సైకిలు అనమని నేనెందుకన్నానో, నా నోరు పడిపోనూ."

తమ్ముడు లోపలికి వెళ్లి గోడ గడియారాలు మళ్లీ ఆ కుర్చీ మీద సర్దాడు.

ఇటుపక్క స్టేషన్ మాస్టరు రోజూ కొట్టుకి రావడం మొదలెట్టాడు. గడియారానికి ఏ జబ్బూ లేదు. ఆయనకి కావలసింది ఆ కథ మళ్లీ చెప్పుకోవడానికి ఒక సాక్షి. పెద్దమనిషి ఊకొట్టేవాడు. ఒకరోజు మంగలి తల దూర్చి, ఆ మేజిక్కులాయన ఈయనకి స్వయానా బావేనని, ఇద్దరికీ మాటల్లేవని ఊదాడు.

ముసలాయన నిర్ఘాంతపోయాడు. "మీ గడియారమూ నా గడియారమూ ముక్కూమొహం తెలియకుండానే చోట్లు మార్చుకున్నాయి. మీరు ఒకింటి మనుషులై ఉండి మాట్లాడుకోరా? ఏమిటండీ అంత గొడవ?"

"సైకిలు," అన్నాడు మంగలి.

స్టేషన్ మాస్టరు కర్ర అందుకుని రోడ్డు దాటాడు. టీ కొట్టు బెంచీ మీదనుంచి బావని చెయ్యి పట్టి లేపి, ఆగిపోతున్న బళ్ల మధ్యనుంచి నడిపించుకొచ్చి కొట్టు ముందు నిలబెట్టాడు. వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. ఎదురింటి గుమ్మంలో అక్క, మరదలు పక్కపక్కనే నిలబడి ఉన్నారు.

"నేను ఎక్కువ కాలం బతికేవాణ్ణి కాదు. నా ముందు మాట్లాడుకోండి," అన్నాడు ముసలాయన.

ఏం చెయ్యాలో పెద్దమనిషికి తెలుసు. కాసేపు తటపటాయించాలి. కొంచెం మొహం తిప్పుకోవాలి. ఆ తరవాత పొడిగా ఒక్క మాట అనాలి. ఆ ప్రకారమే మొదలుపెట్టాడు. కుర్చీ మీది గోడ గడియారాలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. కుర్చీ తెచ్చి వేశాడు.

"టీ తాగుతావా బావా?" అందామనుకున్నాడు. టీ దాకా వచ్చేసరికి ఏడుపొచ్చేసింది. కళ్లు తుడుచుకోవడానికి భూతద్దం అడ్డమొచ్చింది. దాన్ని తీసి, పట్టుకోవడం చేతకాక కింద పడేసుకున్నాడు.

"సైకిలు ఎప్పుడో ఇచ్చేశానుగా," అన్నాడు బావ, ఏమనాలో తోచక.

"నీ సైకిలు నువ్వే ఇవ్వడమేమిటయ్యా?" అన్నాడు మంగలి. వీధి గొల్లుమంది. ఆ నవ్వుల్లో బావ కుర్చీలో కూర్చున్నాడు.

శనివారం మేడమీది గదిలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. "పెద్దమనిషి ఈసారి కొలత తప్పాడు. ఎక్కువ చేశాడు," అని తేల్చాడు తాడు గుమాస్తా. పెద్దమనిషి స్ప్రింగు మీదనుంచి తల ఎత్తలేదు.

ఇప్పుడు సాయంత్రాలు కొట్టు ముందు మూడు కుర్చీలు ఉంటాయి. మూడోది స్టేషన్ మాస్టరుది. ఆయన ఒక్క పూట కూడా మానడు. ఆయన ముందు ఆట సంగతులు మాట్లాడుకోవడానికి లేదు గనక బావా బావమరుదులు ఎండ గురించి, వాన గురించి చెప్పుకుంటూ టీ తాగుతారు. అసలు కబుర్లకి ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. బావ ఇప్పటికీ పెరటి సందులోంచే వస్తాడు.