అవ్వ పీట దిగిన రోజు

ఈ ఉదయం ఆత్మకూరులో తొలకరి వాన కురిసి వెలిసిన కాసేపటికి నా ఫోను మోగింది. ఎత్తితే ముందు మనిషి గొంతు వినిపించలేదు. హూ హూ అని చిన్నగా మొదలై, అంతకంతకూ ఎగబాకి, చివరికి రేకుల మీద బండరాళ్లు దొర్లించినంత మోత. ఆ గోల మధ్య నుంచి ఉదయగిరిలో పనిచేసే మా పాత పాలేరు కొడుకు అరిచాడు. "అయ్యా, అవ్వ చెట్టెక్కిందయ్యా! మన నేరేడు చెట్టు! కొస కొమ్మలో ఉండాది!" నేను ఒక కాలికే చెప్పు వేసుకుని వీధిలోకి వచ్చి "ఏ కొమ్మ? ఏ కొమ్మరా?" అని కేకలు వేశానట. ఎదురింటి టైలరు మిషను ఆపి బయటికి వచ్చాడు. "మీ అవ్వా సార్? ఈ వయసులో చెట్టెక్కిందా? దెబ్బలేం తగల్లేదు కదా?" అన్నాడు. మా అవ్వ పోయి నలభై ఏళ్లయింది. "కాదయ్యా, చింపాంజీ" అన్నాను. ఆయన ముఖంలో కంగారు తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది. నేను రెండో చెప్పు వెతుక్కుని బస్టాండుకు నడిచాను. నడిచాను అంటున్నాను గాని, పరిగెత్తాను. మా వంశంలో వీధిలో పరిగెత్తినవాళ్లు లేరు.

ఉదయగిరి కొండ దిగువన మాకు ఒకప్పుడు నిమ్మతోట ఉండేది. మా తాత మునసబు. ఆ తోటకు ఆయన గుర్రం మీద వెళ్లేవాడని చెబుతారు. మా నాయన జీపులో వెళ్లాడు. నేను అరవై దాటాక జీతగాడిగా, బస్సు దిగి నడిచి వెళ్లాను. మధ్యలో ఏం జరిగిందో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. తోట చేతులు మారి మారి, సర్కసుల నుంచీ దొంగరవాణా చేసేవాళ్ల నుంచీ విడిపించిన జంతువులను సాకే ఒక సంస్థకు చేరింది. వాళ్లకు కూరగాయలు, పండ్లు చూసి తెప్పించే మనిషి కావలసి వచ్చాడు. సంగం కాలువ కింద ఏది పండుతుందో, కలువాయి మెట్టల్లో ఏది పండుతుందో నాకు తెలుసు. అక్కడి డాక్టరమ్మ కబురు పెట్టింది. నేను రెండు షరతులు పెట్టాను. నన్ను పేరు పెట్టి పిలవకూడదు, నేను గంప మోయను. ఆమె నవ్వకుండా రెండూ కాగితం మీద రాసుకుంది. నాకు జంతువుల గదుల ఇనుప వల పక్కన ఒక కుర్చీ కూడా వేయించింది.

అప్పుడు అక్కడ మూడు చింపాంజీలు, ఒక మగ, రెండు ఆడ. తెల్లవారగానే పని మొదలయ్యేది. ప్రతి గదికీ రెండేసి తలుపులు. ఒకదానికి తాళం వేసి లాగి చూస్తే గాని రెండోది తీయకూడదు. మూతికి గుడ్డ కట్టుకోకుండా ఎవరూ దగ్గరికి పోకూడదు, మన జలుబు వాటికి ప్రాణాంతకం. ముందు రాగి అంబలి. అది తాగుతుండగా డాక్టరమ్మ "చెయ్యి" అంటే చెయ్యి, "నోరు" అంటే నోరు ఊచల దగ్గర పెట్టి చూపించేవి. గదులు కడుగుతున్నంతసేపూ అవి బయటి ఆవరణలో ఉండేవి. తిండి గిన్నెల్లో పెట్టేవాళ్లు కాదు. బెండకాయలు, దోసకాయలు, చిలగడదుంపలు గడ్డిలో విసిరేవాళ్లు. వెదురు బొంగుల్లో వేరుశనగలు దాచేవాళ్లు. మొద్దు బెజ్జాల్లో తేనె పూస్తే పుల్ల విరిచి, నమిలి, దానితో తీసుకుని నాకేవి. సాయంత్రం వరిగడ్డి, గోనెసంచులు ఇస్తే ఎవరి పడక వాళ్లే అల్లుకునేవి, కుదరకపోతే విప్పి మళ్లీ అల్లేవి. అన్నీ నాకు నచ్చాయి, తిండి విసరడం ఒక్కటి తప్ప. మా ఇంట్లో కుక్కకు కూడా ఆకు వేసి పెట్టేవాళ్లు. ఆ మాట డాక్టరమ్మతో అన్నాను. "అడవిలో రోజంతా తిండి వెతుక్కోవడమే వాటి పని. గిన్నెలో పెడితే పావుగంటలో తినేసి, మిగతా రోజంతా ఏం తోచక ఒకరి జుట్టు ఒకరు పీకుతాయి" అందామె. నాకు మా ఇంటి చరిత్ర గుర్తొచ్చింది.

మగది పొద్దున బయటికి రాగానే జుట్టు నిక్కబొడుచుకుని, రేకు తలుపును రెండు చేతులా బాది, ఆవరణ అంతా ఒక చుట్టు తిరిగివచ్చాకే తిండి ముట్టేది. ఆడవి రెండూ నేలకు వంగి, చిన్నగా గొణుగుతూ చెయ్యి చాచేవి. అతను ఆ చేతిని తాకితే అందరికీ రోజు మొదలైనట్టు. సాకేవాళ్లు అతనికి మునసబు అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు నేను ఉద్యోగం మానేస్తానన్నాను. ఆ సాకేవాళ్లకు పెద్దగా ఉన్నవాడు మా పాలేరు కొడుకే. "ఊరికే పెట్టలేదయ్యా, బాగా చూసి పెట్టినాం" అన్నాడు. నేనూ పోయి బాగా చూశాను. మర్నాడు మళ్లీ పనికి వచ్చాను.

రెండేళ్ల కిందటి వేసవిలో నాలుగోది వచ్చింది, అందరూ అవ్వ అని పిలిచే ముసలి ఆడ చింపాంజీ. చిన్నప్పుడు సర్కసులో ఉండి, ఆ తర్వాత ఎవరి బంగళాలోనో ఏళ్ల తరబడి ఒంటరిగా బతికింది. తనలాంటిదాన్ని ఇంకొకదాన్ని చూసి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. ఎత్తుపీట మీద వెన్ను నిటారుగా పెట్టి, స్టీలు కంచం ఒళ్లో పెట్టుకుని, మెతుకు కింద పడకుండా తిని, మూతి తుడుచుకుని సలాం చేసేది. ఉదయగిరీ ఆత్మకూరూ కలిపి వెతికినా అంత మర్యాదగా తినేవాళ్లు నాకు కనబడలేదు. ఈమె మన మనిషి అనుకున్నాను. కాని ముంజేతుల మీద వెంట్రుక మిగలలేదు, అంతా పీకేసుకుంది. గోడకేసి కూర్చుని గంటలు గంటలు ఊగేది. "ఒంటరితనం దీన్ని తినేస్తా ఉంది. వానల్లోపల మిగతావాటిలో కలపాలి. కలవకపోతే ఇక్కడ ఇంకో ఆవరణ లేదు, దూరంగా ఎక్కడో జూలో ఒంటరి గదికి పంపాల్సిందే" అంది డాక్టరమ్మ. "ఈ పీట మీద నిక్కి కూర్చుని కళ్లలోకి చూస్తే మునసబు ఊరుకోడు, కొరుకుతాడు. నేల మీద కూర్చోవాలి, వంగాలి, ఏరుకు తినాలి. అది నేర్చుకుంటే బతుకుతుంది."

పీట, కంచం తీసేశారు. రెండు రోజులు అవ్వ ఏమీ ముట్టలేదు. చుట్టూ పడివున్న పండ్ల మధ్య నిలబడే ఉంది. మూడో రోజు డాక్టరమ్మ నెల్లూరు వెళ్లింది. నేను చూడలేక మా పాలేరు కొడుకుతో పీట, కంచం తిరిగి పెట్టించాను. ఆమె తిని, నాకు సలాం చేసింది. నేనూ చేశాను. డాక్టరమ్మ లేని పూటల్లా అలాగే పెట్టించాను. పది రోజుల తర్వాత ఆమె వేళ కాని వేళ వచ్చి చూసింది. "జూకి ఉత్తరం రాస్తాను" అని వెళ్లబోయింది. అప్పుడు పాలేరు కొడుకు చీపురు పక్కన పెట్టాడు.

"అయ్యా, కోపం చేసుకోబాకండి. దానికి దినామూ ఎదురుగా కనపడేది మీరే. మీరు కుర్చీలో నిక్కి కూర్చుంటారు, అది పీట మీద నిక్కి కూర్చుంటాది. మీరు దిగరు, అది దిగదు. ఏందయ్యా ఇద్దరికీ ఈ పంతం?"

మా తోటలో అలా మాట్లాడినవాడు అంతకుముందు లేడు. ఇతన్నే చిన్నతనంలో, ఇప్పుడు చింపాంజీల ఆవరణలో ఉన్న ఆ నేరేడు చెట్టు పండ్లు కోశాడని, మా నాయన మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టాడు. ఆ చెట్టు మా తాత నాటింది. దాని పండ్లు ముందు మా ఇంటికి రావాలి, ఆ తర్వాతే ఇంకొకరి నోటికి. నేను జీపులో కూర్చుని చూశాను. ఒక్క మాట చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు. "ఆ ఉత్తరం నాలుగు రోజులు ఆపండి" అని డాక్టరమ్మను అడిగాను. ఎవరినైనా ఏదైనా అడగడం నాకు అదే మొదలు.

మర్నాడు కంచం తీయించి, పీట మాత్రం ఉంచి, ఇస్త్రీ పంచెతో, అవ్వకు ఎదురుగా, ఊచల దగ్గరికి పోకుండా గీసిన హద్దు గీత బయట, మట్టి మీద కూర్చున్నాను. మోకాళ్లు చేసిన చప్పుడుకు మునసబు కూడా తిరిగి చూశాడు. పాలేరు కొడుకు నా ముందు ఒక గుప్పెడు, అవ్వ ముందు ఒక గుప్పెడు వేరుశనగలు విసిరాడు. మూతిగుడ్డ కిందికి లాగి ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాను. "ఇంకొంచెం వంగండయ్యా, దానికి కనపడాల" అన్నాడు. వంగాను. ఆమె పీట మీద నుంచి నన్నే చూసింది, పెద్దింటి మనిషి ఇలా చేయవచ్చునా అన్నట్టు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఒక కాలు నేలకు ఆనించి వెంటనే తీసుకుంది. నాలుగో రోజు పొద్దున, నేను కాయ ఒలుస్తూ తల ఎత్తేసరికి పీట ఖాళీగా ఉంది! ఆమె నేల మీద కూర్చుని ఉంది. ఒక కాయ తీసి, మట్టి ముంజేతికి తుడిచి, వాసన చూసి, నోట్లో వేసుకుంది. తర్వాత రెండోది తీసింది, ఆ తర్వాత రెండు చేతులా ఏరడం మొదలుపెట్టింది. నాకు లేవాలని ఉంది గాని కాళ్లు రాలేదు. పాలేరు కొడుకు చెయ్యి అందించాడు. పట్టుకుని లేచాను.

వారం తర్వాత అవ్వ గదికీ మిగతావాటి ఆవరణకూ మధ్య తలుపు తీశారు. విడదీయవలసి వస్తే నీళ్లు కొట్టడానికి పైపులు పట్టుకుని ముగ్గురు నిలబడ్డారు. మునసబు ఒళ్లంతా రెట్టింపై, రేకు బాది, దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చాడు. అవ్వ నిటారుగా నిలబడి, ఆమెకు తెలిసిన ఒకే మర్యాద చేసింది. సలాం! "దిగు, కిందకి దిగు!" అని అరిచింది నేనేనట. మునసబు మూరెడు దూరంలో ఆగాడు. అప్పుడు అవ్వ కళ్లు నేల మీద పడ్డాయి. అక్కడ వేరుశనగలు ఉన్నాయి. ఆమె మెల్లగా కూర్చుని, వంగి, చెయ్యి చాచింది. పలకరింపుగా చాచిందో, కాయ కోసమే చాచిందో నాకు ఇప్పటికీ తెలియదు. మునసబు మాత్రం పలకరింపే అనుకున్నాడు. ఆ చేతిని పెదవులతో తాకాడు. ఆడవి రెండూ కేకలు పెడుతూ వచ్చి ఆమె మీద వాలాయి. డాక్టరమ్మ ఏడ్చింది. పైపు పట్టుకున్నవాడు ఆనందంలో మా అందరినీ తడిపేశాడు. నేను చేతికర్ర ఎక్కడికి విసిరానో ఇంతవరకు దొరకలేదు.

ఆ తర్వాత ఆమె చేతుల మీద వెంట్రుకలు మొలిచాయి. కాళ్లలో సత్తువ లేక చెట్టు మాత్రం ఎక్కలేకపోయేది. మిగతా మూడూ నేరేడు కొమ్మల్లో ఊగుతుంటే చెట్టు మొదలు దగ్గర కూర్చుని పైకి చూసేది. నా మోకాళ్లు మొరాయించి నేను పని మానుకున్నా, ఆమెను చూడడానికి పోతూ, పోయిన వారం దాకా అదే చూశాను. అందుకే ఈ రోజు బస్సు దుత్తలూరు దాటేసరికి లేచి తలుపు దగ్గర నిలబడ్డాను.

నిజంగానే కొస కొమ్మలో ఉంది. వాన నీటితో మెరుస్తూ, మూతంతా ఊదారంగుతో, రెండు చేతులా తెంపుకుని తింటోంది. ఎవరూ కంచంలో పెట్టలేదు, ఎవరూ విసరలేదు. ఆమె కొమ్మ ఊపినప్పుడల్లా కంచె ఇవతల కూడా పండ్లు రాలుతున్నాయి. నేను తడి మట్టిలోనే కూర్చున్నాను. పాలేరు కొడుకు రాలినవి తువ్వాలులో ఏరి తెచ్చి నా ముందు పెట్టాడు. "ముందు నువ్వు తినరా" అన్నాను. అతను ఒక పండు తీసుకుని, నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఎండలో నిలబెట్టరు కదయ్యా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను తువ్వాలు అతని వైపు జరిపి, అతను మూడు తినేదాకా ఆగి, నాలుగోది నేను తీసుకున్నాను.

ఈ చెట్టు ఎవరి కోసమని మా తాతను ఎవరైనా అడిగి ఉంటే మా వంశం పేరు చెప్పేవాడు. కాలం ఆ మాటను కొట్టిపారేయలేదు, నాకూ ఒక పండు మిగిల్చింది. తినేవాళ్ల వరుస మాత్రం, తొందరపడకుండా, తనే సరిచేసింది.