దూడగారి కీళ్లు

మా ఆయనకు లోకంలో ఒక్కటే చింత: కుక్కపిల్ల కీళ్లు. ఇల్లు కారనీ, కొంప మునగనీ, ఆయన చూపు మాత్రం దాని వెనక కాళ్ల మీదే.

తెచ్చిననాడే అది దూడంత ఉంది. అందుకే దూడ అని పిలిచేదాన్ని. కుక్కల డాక్టరమ్మ దాన్ని చూసి, "పెద్దజాతి పిల్లండీ. ఒళ్లు గబగబా పెరిగిపోతుంది, కీళ్లు గట్టిపడటానికి మాత్రం ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా మెట్లు ఎక్కించకండి, ఎత్తు నుంచి దూకనివ్వకండి, నున్నటి నేల మీద పరిగెత్తనివ్వకండి" అంది. అంతే, మా ఆయనకు పూనకం వచ్చింది.

ఆయన వడ్రంగి. వంటింట్లో ఒక అర కొట్టిపెట్టమని పెళ్లైన కొత్తలో అడిగాను. "చేద్దాంలే" అన్నారు. ఆ 'లే' ఇప్పటికీ లేవలేదు. దూడకు మాత్రం సాయంత్రానికల్లా గుమ్మం మెట్ల మీద ఏటవాలు బల్ల, జారకుండా దాని మీద గోనెపట్టా!

"నువ్వూ బల్ల మీదే దిగవే. నిన్ను చూసి అది మెట్లు నేర్చుకుంటుంది."

"నన్ను చూసి ఇంకేమీ నేర్చుకోలేదా?"

"మూతి ముడవడం నేర్చుకుంది."

నేలంతా రబ్బరు చాపలు పరిచారు. దూడ సోఫా ఎక్కితే, రంపం అవతల పారేసి పరిగెత్తుకొచ్చి రెండు చేతులా దించేవారు. నేను దాని గిన్నెలో నాలుగు మెతుకులు ఎక్కువ వేస్తే, "బరువంతా కీళ్ల మీదే పడుతుందే!" అని తీసేసేవారు. నా కంచంలో ఏముందో ఏనాడూ తొంగిచూసి ఎరగరు. పెళ్లినాడు తప్ప నా చెయ్యి పట్టుకోని మనిషి, దాన్ని చంకనేసుకుని ఆటో దించుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

"మీవారు ఎంత ప్రేమగా చూసుకుంటారండీ!" అంది పక్కింటావిడ.

"అవునమ్మా. నేనూ కుక్కనై పుట్టాల్సింది."

సాయంత్రం పార్కులో నడకకు నన్నూ లాక్కెళ్లేవారు. మెత్తటి గడ్డి మీదే నడవాలి. బెంచీ కనబడితే చాలు, "దూడ అలిసిపోయింది, కూర్చో" అనేవారు. అలిసిపోయిన దూడేమో సీతాకోకచిలుక వెంట పడబోయేది. నేను సణుక్కుంటూ కూర్చునేదాన్ని.

చివరికి ఒకరోజు డాక్టరమ్మ, "కీళ్లు గట్టిపడ్డాయి. ఇక హాయిగా పరిగెత్తనివ్వండి" అంది. పీడ విరగడైందనుకున్నాను.

ఆ సాయంత్రం గొలుసు విప్పగానే దూడ తుపాకీ గుండులా పోయింది. మా ఆయన మాత్రం మొదటి బెంచీ దగ్గర ఆగిపోయారు.

"దూడ అలిసిపోయింది. కూర్చో."

"అది పార్కు ఆ చివర ఉందండీ! అలిసిందెవరు?"

ఆయన చెవి గోక్కున్నారు. "నీ ఎడమ మోకాలు."

గబుక్కున మోకాలి మీద కొంగు కప్పుకున్నాను. ఆ నొప్పి సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

"కూర్చోమంటే 'నేనేం ముసలిదాన్నా' అని మీదికి లేస్తావు. దాని పేరు చెబితే తిట్టుకుంటూనైనా కూర్చుంటావు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే రేపట్నుంచి కూర్చోవుగా."

అంతలో దూడ రొప్పుతూ వచ్చి మా ఇద్దరి మధ్యా దూరబోయింది. దాని మూతి పట్టుకుని అవతలికి తోసేశాను.

"అటు జరగవే! మా ఆయన పక్కన నేను కూర్చున్నాను, కనబడట్లా?"